మార్నింగ్టన్ పెనిన్సులా నడకలు: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఏ ట్రాక్ మంచిది?

తణుకు_టు_టార్నీట్
అందరికీ నమస్కారం. అమ్మ, నాన్న మొన్ననే దిగారు, మూడు నెలలు ఉంటారు. మార్చిలో లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి ఒక రోజు మెల్‌బోర్న్ దగ్గరి మార్నింగ్టన్ పెనిన్సులా (ద్వీపకల్పం) తీసుకెళ్దామని అనుకుంటున్నాం. వైనరీలూ హాట్ స్ప్రింగ్సూ మావాళ్ళకి ఎక్కవు. నాన్నకి నడక పిచ్చి, 68 ఏళ్ళొచ్చినా పొద్దున్నే లేచి చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు వేస్తేగానీ కాఫీ తాగరు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పిల్లలకి తొమ్మిదీ, ఐదూ. ఇన్‌స్టాలో అందరూ బుష్‌రేంజర్స్ బే ఫోటోలే పెడుతున్నారు, అక్కడికి వెళ్దామని మా ఆవిడ. మా ఫ్రెండ్ ఒకడైతే ఏకంగా టూ బేస్ ట్రాక్ మొత్తం కొట్టేద్దాం, 26 కిలోమీటర్లే కదా అంటున్నాడు. వాడు ఏడాదంతా నడిచింది ఆఫీసు లిఫ్ట్ దాకానే. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
ఆ ఫ్రెండ్ నెంబర్ ఇవ్వండి, మా గ్రూపులో చేర్చుకుంటాం 😀 నాదైతే ఒకటే మాట. మౌంట్ మార్తాలో పిల్లర్స్ దగ్గరికి వెళ్ళండి, కొండ మీద నుంచి నీళ్ళలోకి దూకుతుంటే ఆ మజానే వేరు.

కాళ్ళకు_చక్రాలు
బుల్లోడు గారూ, 68 ఏళ్ళ పెద్దాయనా మోకాళ్ళ నొప్పుల అమ్మగారూ వస్తుంటే దూకే చోటు చెప్తారేంటండీ. అక్కడ దూకి దెబ్బలు తగిలించుకున్నవాళ్ళ వార్తలు వేసవి వచ్చిందంటే వినపడుతూనే ఉంటాయి. దాన్ని పక్కన పెట్టేద్దాం.

తణుకు గారూ, ముందు మ్యాప్ తీసి ఒకసారి చూడండి. పెనిన్సులాకి లోపలి వైపు పోర్ట్ ఫిలిప్ బే. డ్రొమానా, రోజ్‌బడ్, రై, సొరెంటో అంతా ఆ వైపే, నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. బయటి వైపు బాస్ స్ట్రెయిట్, అంటే అసలు సముద్రం. మధ్యలో ఆర్థర్స్ సీట్ కొండ, దాని వెనక గ్రీన్స్ బుష్ అడవి. ఏ వైపు నడుస్తున్నారన్నదే ముఖ్యం, కిలోమీటర్ల లెక్క తర్వాత. బే వైపు నడిచి చెమట పడితే నీళ్ళలోకి దిగొచ్చు. బయటి వైపు నడిచినప్పుడు సముద్రాన్ని చూడటమే, దిగడం లేదు. ఈ ఒక్కటి ఇంట్లో అందరికీ, ముఖ్యంగా తొమ్మిదేళ్ళ వాడికి, కారు ఎక్కకముందే చెప్పేయండి.

ఇక బుష్‌రేంజర్స్ బే. కేప్ షాంక్ లైట్‌హౌస్ కార్ పార్క్ నుంచి వెళ్తే రానూపోనూ ఐదు కిలోమీటర్ల పైనే, తాపీగా రెండు గంటలు. దారి చాలావరకు కొండ అంచున చదునుగానే ఉంటుంది, కింద నల్లరాళ్ళ మీద అలలు విరుగుతుంటే చూస్తూ నడవడం, బాగుంటుంది. చివర్లో మాత్రం బీచ్‌కి దిగడానికి మెట్లూ, నిటారు దిగుడూ ఉన్నాయి. మీ నాన్నగారికి ఫర్వాలేదు. అమ్మగారికి వద్దు. దిగేటప్పుడు ఏమీ అనిపించదు, తిరిగి ఎక్కేటప్పుడు మోకాలు ఏడుస్తుంది.

టూ బేస్ మొత్తం అంటే డ్రొమానా నుంచి ఆర్థర్స్ సీట్ ఎక్కి, గ్రీన్స్ బుష్ మీదుగా కేప్ షాంక్ దాకా. ఆగుతూ నడిచేవాళ్ళకి ఎనిమిది గంటల నుంచి పది పడుతుంది. నేషనల్ పార్క్‌లో గుడారం వేయనివ్వరు, మధ్యలో తాగే నీళ్ళు దొరికే చోట్లు దాదాపు లేవు. పిల్లలతో ఆ ఆలోచనే వద్దు.

తణుకు_టు_టార్నీట్
థాంక్సండీ, మంచి వివరం. కానీ అమ్మ అలిపిరి మెట్లు ఎక్కిన మనిషి, 3,550 మెట్లు. అక్కడ లేని నొప్పి ఇక్కడెందుకు అని నాన్న వాదన 😀

ఫ్రాంక్‌స్టన్_అక్క
తమ్ముడూ, ఆ అలిపిరి ఎప్పుడు ఎక్కారో అడుగు. ఏడుకొండలవాడు పిలిస్తే ఎక్కడం వేరు, పైగా అక్కడ మధ్యమధ్యలో కూర్చోవచ్చు, నీళ్ళూ మజ్జిగా దొరుకుతాయి, పైన నుంచి బస్సులో దిగొచ్చు. ఇక్కడ దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కాల్సిందే, వేరే దారి లేదు.

నేను ఈ వైపే ఉంటాను, నర్సుని. రెండు విషయాలు చెప్తా, భయపెట్టడానికి కాదు. ఒకటి పాములు. మార్చిలో ఇంకా ఎండ ఉంటుంది, టైగర్ స్నేక్, కాపర్‌హెడ్ రెండూ ఈ పొదల్లో ఉంటాయి, దారి మధ్యలోకి వచ్చి పడుకుంటాయి. కనపడితే ఆగిపోండి, అదే పోతుంది. పొరపాటున కరిస్తే మన ఊళ్ళోలాగా తాడు బిగించి కట్టడం, కోయడం, కడగడం ఏదీ చేయకండి. కడిగితే ఏ పామో తేల్చడానికి చర్మం మీద ఉండే విషం కూడా పోతుంది. వెడల్పాటి క్రేప్ బ్యాండేజీతో చెయ్యి గానీ కాలు గానీ మొత్తం గట్టిగా చుట్టి, కదలకుండా ఉంచి, ఇక్కడి ఎమర్జెన్సీ నెంబర్ 000కి ఫోన్ చేయాలి. మనిషిని ఒక్క అడుగు కూడా నడిపించొద్దు. రెండు బ్యాండేజీలు బ్యాగులో పడేస్తే బరువేమీ కాదు. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ కూడా ఫోన్లో వేసుకోండి, మీరు ఎక్కడున్నారో అది చూపిస్తుంది, ఆపరేటర్‌కి చదివి చెప్పొచ్చు.

రెండోది ఎవరూ చెప్పరు, అందుకే చెప్తున్నా. దోమలు. రై, బ్లెయిర్‌గౌరీ, సొరెంటో, టూట్‌గరూక్ ప్రాంతాల్లో బురూలీ అల్సర్ అని ఒక చర్మవ్యాధి ఉంది. దోమల వల్లే మనుషులకి వస్తోందని 2024లో పరిశోధన కూడా వచ్చింది. దోమ కుట్టినట్టే చిన్న బుడిపె వస్తుంది, నొప్పి ఉండదు, నెలల తర్వాత పుండు అవుతుంది. మీ అమ్మానాన్నలు అప్పటికి ఇండియా వెళ్ళిపోయి ఉంటారు, అక్కడి డాక్టర్‌కి ఇది తట్టకపోవచ్చు. మానని పుండు ఏదైనా ఉంటే ఆస్ట్రేలియాలో ఈ ఊరు వెళ్ళొచ్చామని చెప్పమనండి. మందులతో తగ్గిపోతుంది, కంగారు లేదు. దోమల మందు రాసుకుని, ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటే చాలు.

వరంగల్_పిల్ల
అక్కా ఈ బురూలీ సంగతి నేను ఇప్పుడే వింటున్న. రెండేండ్లు అయితుంది వచ్చి!

నాదో డౌట్. కారు లేనోళ్ళ సంగతేంది? మేం నలుగురం స్టూడెంట్స్‌మి, ఎక్కడ చూసినా కార్ పార్క్ నుంచి అనే రాస్తారు.

కాళ్ళకు_చక్రాలు
@వరంగల్_పిల్ల ట్రైన్‌లో ఫ్రాంక్‌స్టన్ లైన్ చివరిదాకా వెళ్ళి, స్టేషన్ బయట 788 బస్సు ఎక్కండి. మార్నింగ్టన్, డ్రొమానా, రోజ్‌బడ్, సొరెంటో మీదుగా పోర్ట్‌సీ దాకా పోతుంది. ట్రైన్, బస్సు రెంటికీ వాడే మైకీ కార్డే చాలు. ఇది లైట్‌హౌస్ వైపు మాత్రం వెళ్ళదు. కాబట్టి మీకు మూడు చోట్లు బాగుంటాయి. డ్రొమానాలో దిగి టూ బేస్‌లో మొదటి ముక్క నడిచి, ఆర్థర్స్ సీట్ ఎక్కి, సీవిండ్స్ తోటలో తిని, అదే దారిన దిగి రావడం. 300 మీటర్ల పైచిలుకు ఎత్తు, పైనుంచి బే మొత్తం కనపడుతుంది, గాలి తేటగా ఉంటే సిటీ బిల్డింగులు కూడా. లేకపోతే సొరెంటోలో దిగి ఊరు దాటి ఓషన్ బీచ్ వైపు కాపిన్స్ ట్రాక్, డైమండ్ బే దాకా వెళ్ళి రండి, రానూపోనూ మూడు కిలోమీటర్లు. లేదా పోర్ట్‌సీ చివరి స్టాపులో దిగి పాయింట్ నెపియన్.

సొరెంటోలో టైముంటే మిలియనీర్స్ వాక్ కూడా చూడండి. కోట్లాది డాలర్ల ఇళ్ళ ముందు నుంచి, వాళ్ళ పచ్చిక అంచున, జనం నడిచే దారి. ఒక పక్క వాళ్ళ గేటు, ఇంకో పక్క సముద్రంలోకి వాళ్ళ సొంత జెట్టీ, మధ్యలో మనం పులిహోర డబ్బా పట్టుకుని దర్జాగా నడుచుకుంటూ పోవచ్చు. ఎవడూ ఏమీ అనడు.

బెజవాడ_బుల్లోడు
ఇది నచ్చింది. చూసిన ఇల్లు కొనాలంటే ఏ జన్మకో గానీ, పులిహోరకి మాత్రం ఢోకా లేదు.

ఉప్పుగాలి_విశాఖ
ఎవరూ అనుకోకపోతే నేనో మాట. కాళ్ళకు చక్రాలు గారు "చూడటమే, దిగడం లేదు" అన్నారు కదా, దాన్ని ఇంకో నాలుగుసార్లు చదవండి. నేను పుట్టింది పెదజాలారిపేట పక్కన, ఈత అక్షరాలకన్నా ముందే వచ్చింది. అయినా కేప్ షాంక్ కింద రాళ్ళ మీదికి నేను వెళ్ళను. అలలు ఒక లెక్క ప్రకారం వస్తాయనుకుంటాం గానీ అక్కడ పది చిన్న అలల తర్వాత ఒకటి వచ్చి మీరు నిలబడ్డ రాయిని మొత్తం ముంచేసి పోతుంది. రాయి తడిగా ఉందంటే ఇంతకుముందు అల అక్కడిదాకా వచ్చిందని అర్థం. పొడి రాయి మీదే ఉండండి.

బుష్‌రేంజర్స్ బేలో ఎలిఫెంట్ రాక్ వైపు రాతి గుంటలు ఉంటాయి, పాటు టైములో చూస్తే చిన్న చిన్న పీతలు, నత్తలు, నీటి మొక్కలు, పిల్లలు వదలరు. పోటు మొదలవుతుంటే మాత్రం వచ్చేయండి. టైడ్ టైములు ముందురోజే చూసుకోవాలి. అక్కడ లైఫ్‌గార్డులు లేరు, రిప్ కరెంట్ (మనిషిని సముద్రంలోపలికి లాగేసే ప్రవాహం) ఉంటుంది.

2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్ ఫారెస్ట్ కేవ్స్ దగ్గర మన ఇండియన్స్ నలుగురు నీళ్ళలో మునిగి ఒకేసారి పోయారు. కేప్ షాంక్‌లో నిలబడి తూర్పుగా చూస్తే ఆ దీవి కనపడుతుంది, అదే సముద్రం. ఓషన్ వైపు దిగాలనే కోరిక ఉంటే ఎర్రపసుపు జెండాలు పాతి గస్తీ ఉన్న బీచ్‌లోనే, ఆ జెండాల మధ్యే. అది కూడా గన్నమాటాలో అయితే నేను మోకాళ్ళ లోతు దాటను.

ఖైరతాబాద్_కుర్రాడు
కొంచెం ఎక్కువ భయపెడుతున్నారేమో అనిపిస్తోంది. వేలమంది వెళ్ళొస్తున్నారు. మేం వెళ్ళాం, ఫోటోలు దిగాం, పిల్లలు ఆడుకున్నారు, ఇంటికొచ్చాం. ఇలా అయితే ఎవరూ గడప దాటరు.

ఉప్పుగాలి_విశాఖ
నడవొద్దు అనట్లేదు బ్రదర్. ట్రాక్ మీద ఏ ఇబ్బందీ లేదు, చక్కగా నడవండి. ట్రాక్ దిగి సెల్ఫీ కోసం రాతి చివరికి పోవడం గురించి చెప్తున్నా. ఆర్కే బీచ్‌లో పోలీసులు మైకులో అరుస్తుంటే కూడా దిగేవాళ్ళని చూసి పెరిగాను, అందుకే నోరు ఊరుకోదు.

చరిత్ర_పిచ్చోడు
నా ఓటు పాయింట్ నెపియన్‌కి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారికీ, నడక పిచ్చి ఉన్న నాన్నగారికీ ఒకే చోట సరిపోయేది అదొక్కటే. పెనిన్సులా కొస అది, దాని అవతల ఇరుకు సముద్రద్వారం, దాన్నే రిప్ అంటారు. మెల్‌బోర్న్‌కి వచ్చే ప్రతి ఓడా ఆ సందులోంచే రావాలి. అందుకే అక్కడ కోట కట్టారు.

కారు గన్నర్స్ కాటేజ్ దాకా పోతుంది. అక్కడి నుంచి ఫోర్ట్ నెపియన్ దాకా తారు రోడ్డే, కార్లు రావు, సైకిళ్ళూ నడిచేవాళ్ళే. రానూపోనూ ఐదు కిలోమీటర్లు ఉంటుంది, ఎత్తుపల్లాలు కొద్దిగా ఉన్నా మెట్ల బాధ లేదు. అమ్మగారు వద్దనుకుంటే షటిల్ బస్సు ఉంటుంది, ఆ రోజు నడుస్తుందో లేదో, గేటు ఎప్పుడు మూస్తారో పార్క్స్ విక్టోరియా వాళ్ళ పేజీలో చూసుకుని వెళ్ళండి. లోపలికి టికెట్ లేదు, మీ నాన్నగారు సంతోషిస్తారు.

కోటలో సొరంగాలున్నాయి, పిల్లలకి పండగ. 1914 ఆగస్టు 5న, యుద్ధం ప్రకటించిన కొద్ది గంటల్లోనే, ఫాల్జ్ అనే జర్మన్ ఓడ సందులోంచి జారుకోబోతుంటే ఇక్కడి నుంచే దాని ముందు గుండు పేల్చి వెనక్కి తిప్పారు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం వైపు నుంచి పేలిన మొదటి గుండు అదేనంటారు. వెనక వైపు షెవియట్ బీచ్, 1967 డిసెంబర్ 17న ఆస్ట్రేలియా ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్ట్ ఈతకి దిగి మళ్ళీ కనపడలేదు, శవం కూడా దొరకలేదు. ఆయన పేరు మెల్‌బోర్న్‌లో ఒక స్విమ్మింగ్ పూల్‌కి పెట్టారు, వీళ్ళ హాస్యం నాకు అర్థం కాదు. పైన కొండ మీద నుంచి ఆ బీచ్ చూడొచ్చు, కిందికి పోనివ్వరు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం క్వారంటైన్ స్టేషన్. 1852లో టైకాండెరోగా అనే ఓడ వలసదారులతో కిక్కిరిసి వచ్చింది, దారిలోనే టైఫస్‌తో దాదాపు వందమంది పోయారు. ఊళ్ళోకి రానివ్వకుండా ఇక్కడే దింపేశారు, అలా మొదలైంది ఈ స్టేషన్. ప్రయాణికుల సామాను ఆవిరి పట్టించే పెద్ద పెద్ద ఇనప గదులు ఇప్పటికీ ఉన్నాయి. ట్రాలీ మీద పెట్టెలు ఒక తలుపులోంచి లోపలికి తోసి, మందు పట్టించి, అవతలి తలుపులోంచి తీసేవారు, మురికి వైపు మనుషులు శుభ్రం వైపు రాకుండా. కోవిడ్‌లో హోటల్ గదిలో పద్నాలుగు రోజులు మూసి పెట్టినవాళ్ళకి ఆ ఇనప తలుపు చూస్తే కడుపులో ఏదోలా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఎన్నో ఏళ్ళు సైన్యం చేతిలో ఉన్న చోటు అది, పేలని గుండ్లు ఇంకా మట్టిలో ఉండొచ్చని బోర్డులుంటాయి. దారి దిగకూడదు. పిల్లాడు బంతి పొదల్లోకి విసిరితే ఆ బంతిని మర్చిపోండి.

తణుకు_టు_టార్నీట్
వావ్, ఇది అసలు మా లిస్టులోనే లేదు. ఒక ప్రాక్టికల్ డౌట్. టార్నీట్ నుంచి వెస్ట్ గేట్ ఎక్కి, సిటీ దాటి, ఈస్ట్‌లింక్, పెనిన్సులా లింక్ మీదుగా వెళ్ళాలి. టోల్‌లు, ట్రాఫిక్, లాంగ్ వీకెండ్... తలుచుకుంటేనే టెన్షన్.

పడమటి_గుమ్మం
అన్నా మనం వెస్ట్ వాళ్ళం, సిటీ మీదుగా ఎందుకు పోవాలి! క్వీన్స్‌క్లిఫ్ పోయి ఫెర్రీ ఎక్కండి. జీలాంగ్ రోడ్డు పట్టుకుంటే టోల్ లేదు, నలభై నిమిషాలు నీళ్ళ మీద, దిగితే సొరెంటో. కారు కూడా ఎక్కించొచ్చు, కాకపోతే ఖరీదు, పైగా లాంగ్ వీకెండ్ అంటే ముందే బుక్ చేసుకోవాలి. కారు లేకుండా మనుషులే వెళ్తే చవక. ఒక్కోసారి డాల్ఫిన్లు పక్కనే వస్తాయి. మా అత్తగారు అది చూసి ఓడలో వాళ్ళందరికీ తెలుగులో చూపించేశారు.

ఫ్రాంక్‌స్టన్_అక్క
ఐడియా బాగుంది గానీ అమ్మగారి కోసమైతే కారుతోనే దాటాలి. సొరెంటో జెట్టీ నుంచి పాయింట్ నెపియన్ గేటు దగ్గరేమీ కాదు, గేటు నుంచి మళ్ళీ లోపలికి నడక. 788 ఎక్కినా పోర్ట్‌సీలో దింపేస్తుంది. ఆమె ఓపికంతా అక్కడికి చేరడానికే అయిపోతుంది.

రోజ్‌బడ్_పాతకాపు
ఇక్కడ ఉండేవాడిగా చెప్తున్నా, లాంగ్ వీకెండ్‌లో రోడ్డు మీద వచ్చేవాళ్ళు ఫ్రీవే దిగాక సొరెంటో వైపు పోవాలంటే నత్తనడకే. పదింటికి ముందే దాటేయాలి. కేప్ షాంక్ వైపు వెళ్ళేవాళ్ళు బోనియో రోడ్డు పట్టుకుంటారు కాబట్టి కొంచెం నయం, కానీ లైట్‌హౌస్ కార్ పార్క్ నిండిపోతుంది.

అసలు నన్నడిగితే ఆ వారం వదిలేసి తర్వాతి వారం రండి. ఏప్రిల్, మే నెలలు ఈ నడకలకి బంగారం. ఎండ మాడదు, పాములు తగ్గుతాయి, జనం ఉండరు, గాలి ఒక్కటే కాస్త ఎక్కువ. టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పెట్టకూడని) రోజుల బాధా ఉండదు. వేసవిలో ఎండ, గాలి మరీ ముదిరితే పార్కులే మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోవాలి.

బుష్‌రేంజర్స్ బేకి నేనైతే లైట్‌హౌస్ వైపు నుంచి కాకుండా బోనియో రోడ్డు కార్ పార్క్ నుంచే పోతాను. మెయిన్ క్రీక్ పక్కన బ్యాంక్సియా చెట్ల నీడలో, సముద్రం వినపడుతూ ఉంటుంది గానీ చివరిదాకా కనపడదు. సాయంత్రం అయితే పక్క పొలాల్లో కంగారూలు గుంపులు గుంపులుగా మేస్తుంటాయి. ఆ పేరు ఊరికే రాలేదు, బుష్‌రేంజర్స్ అంటే అడవుల్లో తిరిగే దోపిడీ దొంగలు, 1853లో టాస్మేనియా నుంచి పడవ లాక్కుని పారిపోయొచ్చిన ఇద్దరు ఖైదీలు అక్కడే దిగారు. నల్లరాయి గురించి ఎవరో అన్నారు, కేప్ షాంక్ నుంచి ఫ్లిండర్స్ వైపు అంతా అగ్నిశిల, పోర్ట్‌సీ వైపు అంతా ఇసక గట్టిపడి అయిన సున్నపురాయి. లైట్‌హౌస్ కింద చెక్క మెట్ల మీద నిలబడి రెండు వైపులా చూడండి, తేడా కళ్ళకి కనపడుతుంది. పసుపు రంగు సున్నపురాయి వైపు అంచులు విరిగి పడుతుంటాయి, కంచె దాటొద్దు.

వరంగల్_పిల్ల
టూ బేస్ మొత్తం చేయాలని మాకు ఉంది. ఎటు నుంచి ఎటు మంచిది? డ్రొమానా నుంచి మొదలుపెడ్తే చివర్ల బస్సు లేదాయె.

కాళ్ళకు_చక్రాలు
డ్రొమానా నుంచే. కాళ్ళు అలిసిపోకముందే కొండ ఎక్కేయాలి, చివర్లో లైట్‌హౌస్ చూస్తూ ముగించాలి. ఎవరో ఒకరు కారులో వచ్చి తీసుకెళ్ళేలా చూసుకోండి.

రోజ్‌బడ్_పాతకాపు
నేను ఒప్పుకోను. కేప్ షాంక్‌లో పొద్దున్నే ఎవరితోనైనా దింపించుకుని డ్రొమానాలో ముగిస్తే ఐస్‌క్రీమ్ ఉంది, బే నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవచ్చు, 788 ఉంది, ఎవడి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఆలస్యమైతే లైట్‌హౌస్ దగ్గర చీకట్లో నిలబడి ఏం చేస్తారు?

కాళ్ళకు_చక్రాలు
ఇరవై కిలోమీటర్లు నడిచాక ఆర్థర్స్ సీట్ దిగుడు ఎలా ఉంటుందో మీకూ తెలుసు. మోకాళ్ళకి దానికన్నా శిక్ష లేదు.

రోజ్‌బడ్_పాతకాపు
కర్ర పట్టుకోండి సార్. జనవరిలో ఇదే ట్రాక్ మీద 28 కిలోమీటర్లూ, 56 కిలోమీటర్లూ పరుగులు పెడతారు. 56 వాళ్ళు పోయి మళ్ళీ వస్తారు, వాళ్ళనడగండి ఏ వైపు సుఖమో.

మోడరేటర్
ఈ గొడవకి వేరే థ్రెడ్ తెరవగలరు. ఒక్క మాట చేర్చుతున్నా: గ్రీన్స్ బుష్‌లోకి వెళ్ళేచోట బూట్లు తోముకునే బ్రష్‌లు పెట్టి ఉంటారు. మట్టిలో ఉండే ఫైటాఫ్తొరా అనే తెగులు బూట్ల మట్టితో పాకి అక్కడి గ్రాస్ ట్రీలని చంపేస్తుంది. నిమిషం పని, దాటేసి పోకండి. కుక్కల్ని తీసుకెళ్ళనివ్వరు. చెత్తబుట్టలు ఉండవు, అరటి తొక్కలతో సహా ఇంటికే. కిందటి సారి మన తెలుగు గ్రూపు ఒకటి వెళ్ళొచ్చాక పేపర్ ప్లేట్లు పొదల్లో ఉన్న ఫోటోలు ఇక్కడే ఎవరో పెట్టారు, అది మళ్ళీ చూడాలని లేదు.

బెజవాడ_బుల్లోడు
ఆ ప్లేట్లు మావి కావు, ముందే చెప్తున్నా. మేం అరిటాకులే వాడతాం 😀

తణుకు_టు_టార్నీట్
సరే, ఇంట్లో కూర్చుని తేల్చాం. లాంగ్ వీకెండ్ వద్దు, తర్వాతి శనివారం. పొద్దున ఫెర్రీకి కారుతో సహా బుక్ చేశాను, అమ్మకి ఓడ అనగానే హుషారొచ్చింది. పాయింట్ నెపియన్‌లో అమ్మా, చిన్నదీ షటిల్ ఉంటే షటిల్, లేకపోతే క్వారంటైన్ స్టేషన్ పచ్చిక మీదే. నాన్నా, నేనూ, పెద్దోడూ కోట దాకా నడక. సాయంత్రం సొరెంటో ముందు బీచ్‌లో పిల్లలు నీళ్ళలోకి, అంటే బే వైపే, ఉప్పుగాలి గారూ గమనించగలరు. బుష్‌రేంజర్స్ బేకి ఏప్రిల్‌లో నాన్నా, నేనూ బోనియో రోడ్డు నుంచి. ఫ్రెండ్‌కి టూ బేస్ మ్యాప్ పంపించాను, ఇంకా రిప్లై లేదు.

ఫ్రాంక్‌స్టన్_అక్క
శుభం. బ్యాండేజీలు కొన్నావా?

తణుకు_టు_టార్నీట్
రెండు కొన్నానక్కా, పది సెంటీమీటర్ల వెడల్పువి. దోమల మందు కూడా.

చరిత్ర_పిచ్చోడు
సొరంగాల్లోకి టార్చి తీసుకెళ్ళండి, ఫోన్ లైటు చాలదు.